వంకాయకు ముసుగు

మల్లవరపుపేట పురపాలక సంఘానికి ఎన్నికలు వచ్చి, పదకొండో వార్డులో ఒక స్వతంత్ర అభ్యర్థికి వంకాయ గుర్తు కేటాయించిన వేళకి, మట్టపర్తి గవర్రాజు తన మడిలో వంగమొక్కలకి పేడనీళ్ళు పోస్తున్నాడు. ఈ రెండింటికీ సంబంధం ఉంటుందని అతనికి తోచలేదు. అటువంటివి తోచడానికి ప్రభుత్వం వేరే మనుషుల్ని పెట్టుకుంది.

ఆ మడి సంగతి ముందు చెప్పాలి. ఒకప్పుడు అది ఊరి చెత్తంతా పోసే దిబ్బ. పదకొండో వార్డు బడి గోడని ఆనుకుని ఉండేది. పిల్లలు ఒక చేత్తో ముక్కు మూసుకుని, రెండో చేత్తో ఎక్కాలు రాసేవారు. ఎవరో పెద్దాఫీసరు ఏ ఊళ్ళోనో చూసొచ్చి, దిబ్బ ఎత్తించి, ఎర్రమట్టి తోలించి, నేలని చిన్న చిన్న మడులుగా గీయించి, 'పౌరవనం' అని బోర్డు పెట్టించాడు. ఇంటి ముందు జానెడు నేల లేనివాళ్ళు దరఖాస్తు పెట్టుకుంటే తలా ఒక మడి ఇచ్చారు. ఆఫీసరు బదిలీ అయ్యాడు, బోర్డు తుప్పు పట్టింది, మడులు మాత్రం పండాయి. ఏళ్ళ తరబడి ఊరి చెత్త తిన్న నేల కదా, విత్తనం పడితే చాలు, పగబట్టినట్టు కాసేది.

పొద్దున్నే కుళాయి దగ్గర వంతు కోసం దెబ్బలాడుకోవడం, ఒకడి బీరపాదు ఇంకొకడి పందిరి మీదకి పాకిందని పెద్దమనుషుల్ని పిలవడం, సాయంత్రానికి ఆ బీరకాయే కోసి పక్కవాడింటికి పంపడం, ఇదీ అక్కడి బతుకు. ఆనపకాయ కాసినవాడు అందరికీ ముక్కలు పంచేవాడు. గోంగూర వేసినవాణ్ణి చూస్తే మాత్రం అందరూ దారి మళ్ళేవారు. అప్పటికే అందరిళ్ళలోనూ జాడీలు నిండిపోయి ఉండేవి.

గవర్రాజు పనిచేసిన గోనెసంచుల మిల్లు మూతపడి చాలా కాలమైంది. ఆ తరవాత అతను పట్టని పని లేదు, నిలబడ్డ పని లేదు. ఇప్పుడు ఇల్లు నడిచేది భార్య పల్లాలమ్మ కర్రీ పాయింటు మీద. వీధి కిటికీ తీసి, బల్ల వేసి, కూరలు కవర్లలో కట్టి అమ్ముతుంది. పప్పూ పులుసూ అందరూ చేస్తారు. ఆవిడ కిటికీ దగ్గర జనం నిలబడేది గుత్తి వంకాయ కూర కోసం. ఆ వంకాయ పొద్దున్న మడిలో ఉండాలి, మధ్యాహ్నం గిన్నెలో ఉండాలి. ఒకసారి బజారు వంకాయతో చేస్తే జనం ఒక ముద్ద తిని, మర్నాడు కిటికీ వంక చూడకుండా నడిచిపోయారు. మడి ఉంటే వంకాయ, వంకాయ ఉంటే కూర, కూర ఉంటే ఇల్లు. వాళ్ళ సంసారం అంతా అంతే.

మడికి ఒక షరతుంది. పండిన పంట కొయ్యకుండా ముదరబెట్టినా, నేలని ఖాళీగా వదిలినా మడి రద్దు. ఎవరి మడి ఎప్పుడు ఊడుతుందా అని కాచుకు కూర్చున్నవాళ్ళు ఊళ్ళో కావలసినంతమంది ఉన్నారు.

పేడనీళ్ళు పోసిన మర్నాడే ముత్యాలరావు వచ్చాడు. మామూలు రోజుల్లో అతను శానిటరీ ఇన్‌స్పెక్టరు. ఎన్నికల్లో నిఘా బృందం నాయకుడు. మామూలు రోజుల్లో మురిక్కాలవ పూడిపోయిందని చెప్పినా రాని మనిషి, ఇప్పుడు పిలవకుండా వచ్చాడు. వెనకాల ఇద్దరు మనుషులు, ఒక వీడియో కెమెరా.

"ఎవరిదయ్యా ఈ మడి?"

"నాదేనండి. ఏం, కుళాయికి మళ్ళీ పన్నేమైనా వేశారా?"

"ఇవేమిటి?"

"వంకాయలండి."

ముత్యాలరావు గబుక్కున అటూ ఇటూ చూశాడు. "ఆ మాట పైకి అనకు. ఎన్నికల నియమావళి అమల్లో ఉంది. సదరు గుర్తు అను."

పక్క మడిలో దొరబాబు తోటకూర మధ్యనుంచి లేచి నిలబడ్డాడు. అతను ఆర్టీసీలో కండక్టరుగా చేసి దిగిపోయినవాడు. బస్సు దిగాడు గానీ, ఎక్కినవాళ్ళందరినీ పలకరించే అలవాటు దిగలేదు. "పులుసులో వేసేటప్పుడు కూడా సదరు గుర్తేనాండీ ఇన్‌స్పెక్టరుగారూ?"

"ఇది ఎగతాళి కాదు దొరబాబూ. ఊళ్ళో విగ్రహాలన్నింటికీ గుడ్డలు చుట్టించాం. శంకుస్థాపన రాళ్ళకి కాగితాలు అంటించాం. ఈ బడే పోలింగు కేంద్రం. ఓటు వెయ్యడానికి వచ్చిన మనిషి గోడ మీంచి చూస్తే ఏం కనిపిస్తుంది? ఒక అభ్యర్థి గుర్తు, అదీ గుత్తులు గుత్తులుగా, నిగనిగలాడుతూ కనిపిస్తుంది. ప్రభావితం కాడా?"

"అవుతాడండి," అన్నాడు దొరబాబు. "తిన్నగా ఇంటికెళ్ళి నూనె పొయ్యి మీద పెడతాడు."

"కాబట్టి ముసుగు వెయ్యాలి."

గవర్రాజు బెదిరిపోయాడు. "మొక్క మీద పరదా కప్పితే చచ్చిపోద్దండి. ఎండ తగలాలి కదా."

"మొక్కతో మాకు పేచీ లేదు. ఆకు ఎవరి గుర్తూ కాదు. కాయకి మాత్రమే. ఏ కాయకి ఆ కాయకి."

ఆ రోజే పురపాలక సంఘంలో సమావేశం పెట్టారు. ముసుగు వెయ్యాలన్నదాంట్లో ఎవరికీ అభ్యంతరం లేదు. ఏ రంగు గుడ్డ అన్న దగ్గర ఆగిపోయింది. ఊళ్ళో ఏ రంగు ముట్టుకున్నా ఎవరో ఒక పార్టీది. తెలుపు వెయ్యచ్చు గానీ, ఎన్నికలొస్తే అన్ని పార్టీలవాళ్ళూ తెలుపే కట్టుకుంటారు. అంటే అది అందరిదీ అయింది. చివరికి గోనెగుడ్డ అని తీర్మానించారు. గోనె ఎవరిదీ కాదు. మూతపడ్డ మిల్లు గోడౌన్లో పాతది పడి ఉంది కూడా. ఊరి దర్జీలందర్నీ కూర్చోబెట్టి చిన్న చిన్న సంచులు కుట్టించారు. గవర్రాజు తన చేత్తో నేసిన గోనెని తన వంకాయలకి తొడగడం కళ్ళారా చూశాడు. మిల్లు మూసినప్పుడు ఈ సరుక్కి గిరాకీ లేదని చెప్పారు.

సంచులు తొడిగే పని మొదలయ్యాక పరిస్థితి కొంచెం విస్తరించింది. దొరబాబు మడిలో తోటకూర పక్కన ఉన్నవి తెల్ల వంకాయలు. తనకి సంబంధం లేదనుకుని అతను ధీమాగా ఉన్నాడు. ముత్యాలరావు వచ్చి, బ్యాలెట్ కాగితం నలుపు తెలుపులో ఉంటుంది కాబట్టి రంగు పరిగణనలోకి రాదని చెప్పి వాటికీ తొడిగించాడు. ఆ పక్క మడిలో టమాటాలు ఇంకా పచ్చి. గుండ్రంగా, పైన తొడిమతో ఉన్నాయి. నలుపు తెలుపులో చూస్తే అనుమానం రాక మానదు. వాటికీ తొడిగారు. గుమ్మడి పిందెల దగ్గర కాసేపు తర్జనభర్జన పడి, ముందుజాగ్రత్తగా వాటికీ తొడిగారు.

"మరి పూత సంగతేంటండీ?" అన్నాడు దొరబాబు, నోరూరుకోక. "ఈవేళ పువ్వు, నాలుగు రోజులాగితే కాయే కదా."

అది వేళాకోళం అని ముత్యాలరావుకి తెలియదు. పైకి రాశాడు. పై నుంచి జవాబు వచ్చింది. దాన్ని అతను మడి గట్టు మీద నిలబడి చదివి వినిపించాడు. "పూత అనునది నామినేషను దశ. పిందె అనునది పరిశీలన దశ. తొడిమ నుండి కిందికి వేలాడినప్పుడు మాత్రమే బరిలో నిలిచినట్లు భావించవలెను." అప్పటినుంచి ఇద్దరు మనుషులు పొద్దస్తమానం మొక్కల మధ్య గొంతుక్కూర్చుని, ఏ పిందె ఎప్పుడు వేలాడుతుందా అని కళ్ళార్పకుండా చూసేవారు. కాపలాకి ఒక కానిస్టేబులు. అతను ఏం చూడాలో ఎవరూ చెప్పలేదు కాబట్టి అన్నీ చూసేవాడు.

ఈ తతంగం మొదలయ్యేదాకా వంకాయ గుర్తు ఎవరిదో వార్డులో ఎవరికీ తెలియదు. తెలియవలసిన అవసరమూ లేదు. ఆ అభ్యర్థి పేరు వాసంశెట్టి భీమేశం. మునిసిపల్ ఆఫీసు ఎదురుగా జెరాక్సు షాపు. వార్డులో ఉన్న ఇద్దరు పెద్ద అభ్యర్థుల్లో ఒకడు, తన నామినేషను చెల్లకపోతే అక్కరకొస్తాడన్న ముందుజాగ్రత్తతో, ఇతని చేత నామినేషను వేయించాడు. తరవాత ఉపసంహరించుకోవాలన్నది ఒప్పందం. ఉపసంహరణ రోజున మిగతా అభ్యర్థులందరూ కాగితాలు జెరాక్సు తీయించుకోవడానికి షాపు మీద పడ్డారు. ఆ రద్దీలో భీమేశం తన సంగతి మరిచిపోయాడు.

ఇప్పుడు ఊరు ఊరంతా పౌరవనం గోడ దగ్గరికి వచ్చి నిలబడుతోంది. ప్రతి కొమ్మకీ చిన్న చిన్న గోనెసంచులు వేలాడుతున్నాయి. కానిస్టేబులు తిరుగుతున్నాడు.

"లోపల ఏముందండీ?"

"చెప్పకూడదు," అంటాడు కానిస్టేబులు.

"వంకాయటండీ," అంటాడు దొరబాబు వెనకనుంచి. "భీమేశంగారిది."

"ఎవరాయన? అంత ప్రమాదమైన మనిషా?"

"మరి పోలీసుల్ని పెట్టారంటే చూసుకోండి."

కాయని ముసుగుతోనే కోసి, నల్ల సంచిలో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్ళచ్చని మొదట్లో ఒప్పుకున్నారు. కాబట్టి పల్లాలమ్మ కూర ఆగలేదు. ఒక మధ్యాహ్నం ముత్యాలరావు ఆవిడ కిటికీ ముందు ప్రత్యక్షమయ్యాడు. పక్కనే గోడకి పలక. పలక మీద సుద్దతో 'గుత్తి వంకాయ' అని రాసి ఉంది.

"అమ్మా, ఇది బహిరంగ ప్రచారం."

"ఏదండీ?"

"ఈ రాత. వీధిన పోయే ప్రతి ఓటరుకీ కనిపించేలా సదరు గుర్తు పేరు రాశారు. పైగా గుత్తి అన్నారు. అంటే ఓట్లు గుత్తగా పడాలనే ధ్వని ఉంది."

పల్లాలమ్మ గరిట పక్కన పెట్టి కొంగుతో పలక తుడిచేసింది. "పోయింది. ఇంక సరేనా బాబూ? జరగండి, వెనకాల జనం ఉన్నారు."

వెనకాల ఉన్నాయన కిటికీలోకి వంగి, ముత్యాలరావుని ఓరగా చూసి, గొంతు తగ్గించాడు. "చెల్లెమ్మా, ఆ కూర ఉందా?"

"ఏ కూర అన్నయ్యగారూ?"

"అదే... ఆ కూర."

అంతే. వార్డంతా పాకిపోయింది. వంకాయ అంటే మొహం చిట్లించేవాళ్ళు కూడా 'ఆ కూర' కోసం వరస కట్టారు. ఇంట్లోవాళ్ళకి తెలియకుండా కొనుక్కెళ్ళేవాళ్ళు తయారయ్యారు. గిన్నె బల్ల మీద పెట్టడం, ఖాళీ అవడం. ఆ మధ్యాహ్నం జనం పలచబడ్డాక కూడా ముత్యాలరావు ఇంకా కిటికీ దగ్గరే తచ్చాడుతున్నాడు.

"ఇంకా ఏంటి బాబూ? తుడిచేశాగా?"

"తుడిచారు. సంతోషం. మా ఇంట్లో అడగమన్నారు. ఒకటి కట్టండి. పైకి కనపడకుండా, రెండు కవర్లు వెయ్యండి."

ఇది పెద్ద అభ్యర్థులిద్దరికీ తెలిసింది. పుట్టి బుద్ధెరిగాక ఏ విషయంలోనూ ఏకాభిప్రాయానికి రాని ఇద్దరూ ఒకే కాగితం మీద సంతకం పెట్టి ఫిర్యాదు చేశారు. పదకొండో వార్డులో తాలింపు వాసన ద్వారా రహస్య ప్రచారం సాగుతోందని, గాలివాటు ఎటుంటే అటు ఓటర్లు మొగ్గుతున్నారని, దీన్ని తక్షణం అరికట్టాలని. ఎన్నికల అధికారి నుంచి ఉత్తర్వు దిగింది. పోలింగు, లెక్కింపు పూర్తయేవరకు సదరు గుర్తుని ఎవరూ కొయ్యరాదు.

గవర్రాజు మడి గట్టు మీద కూలబడ్డాడు. సంచుల బరువుకి కొమ్మలు నేలకి వంగిపోయి ఉన్నాయి. "రెండు రోజులాగితే ముదిరిపోతాయి దొరబాబూ. ముదరబెడితే మడి రద్దని రూలు వాళ్ళే పెట్టారు. కొయ్యద్దని వాళ్ళే అంటున్నారు."

"ఎల్లి అడుగు. అడిగితే ఏదో ఒకటి అంటారు గదా."

"ఎవర్ని అడగను?"

"ఇద్దర్నీ అడుగు," అన్నాడు దొరబాబు. "ఒకే గదిలో ఉంటారు."

నిజమే. కమిషనరు చిదంబరేశ్వరరావుగారి గదిలో ఒకటే బల్ల, దానికి అటొకటి ఇటొకటి రెండు కుర్చీలు. కిటికీ వైపుది కమిషనరు కుర్చీ. బీరువా వైపుది ఎన్నికల అధికారి కుర్చీ. వేరే మనిషిని పంపడం దండగని రెండు పదవులూ ఆయనకే ఇచ్చారు. ఆయన బాధ్యతల్ని కలగాపులగం చేసుకునే మనిషి కాదు. కుర్చీ మారితే కళ్ళజోడు కూడా మార్చేవారు.

గవర్రాజు వెళ్ళేసరికి ఆయన కిటికీ వైపున్నారు.

"అయ్యా, మడిలో వంకా... సదరు గుర్తులు కోతకొచ్చేశాయండి. కొయ్యద్దంటున్నారు."

"ఎవరు?"

"తమరేనండి."

"నేను కాదు. నేను పండిన పంటను సకాలంలో కోయని మడిని రద్దు చేయువాడను. ఆ మేరకు మీకు తాఖీదు తయారవుతోంది. కోయరాదన్నది ఎన్నికల అధికారిగారు."

"ఆయనెక్కడుంటారండి?"

"టీ తాగాక వస్తారు. బయట బెంచీ మీద కూర్చోండి."

గవర్రాజు బెంచీ మీద కూర్చున్నాడు. లోపలికి టీ వెళ్ళింది. ఖాళీ కప్పు బయటికొచ్చింది. బంట్రోతు పిలిచాడు. ఈసారి ఆయన బీరువా వైపున్నారు. కొత్త కళ్ళజోడులోంచి గవర్రాజుని ఎగాదిగా చూశారు.

"ఎవరు మీరు? విషయమేమిటి?"

గవర్రాజు మొదటినుంచి మళ్ళీ చెప్పాడు. ఈసారి కొంచెం ఏడుపు కూడా కలిసింది. అది కలపాలనుకుని కలిపింది కాదు.

"చూడండి. కోయడమంటే ఏమిటి? ఒక అభ్యర్థి గుర్తును చేతబట్టి జనం మధ్యనుంచి తీసుకుపోవడం. అది ఊరేగింపు. దానికి ముందస్తు అనుమతి లేదు. పొరుగువారికి ఇస్తే పంపిణీ. వండి అమ్మితే, ఆ వాసన..." ఆయన ఒక్క క్షణం ఎటో చూసి గుటక మింగారు. "ఆ వివరాల్లోకి నేను పోను."

"పోనీ మొక్కలు పీకి పారేస్తానండి. పీడా పోద్ది."

"ఒక అభ్యర్థి గుర్తును సమూలంగా పెకలించడమా? ఆయన రేపు కోర్టుకెక్కితే మా నిష్పాక్షికత ఏం కావాలి?"

"కొయ్యకూడదు, పీక్కూడదు, కనపడకూడదు. మరి నన్నేం చెయ్యమంటారండి?"

"యథాతథ స్థితిని కాపాడండి."

"కాయండి అది. దాని దారిన అది ముదురుద్ది. యథాతథంగా ఉండమంటే ఉంటదాండి?"

"ముదరకుండా చూసుకోవలసిన బాధ్యత మడిదారుపై ఉంది." ఆయన కాస్త మెత్తబడ్డారు. "మీ ఇబ్బంది మాకు అర్థమైంది. మీ మడి విషయంలో ఉదారంగా వ్యవహరించవలసిందిగా కమిషనరుగారికి ఇప్పుడే రాస్తాం."

రాశారు. సంతకం పెట్టారు. బంట్రోతు ఆ కాగితం పట్టుకుని బల్ల చుట్టూ తిరిగి అవతలి వైపు పెట్టాడు. ఆయన లేచి, తనూ బల్ల చుట్టూ తిరిగి, కిటికీ వైపు కుర్చీలో కూర్చుని, కళ్ళజోడు మార్చి చదివారు. చదువుతున్న కొద్దీ మొహం జేవురించింది.

"చూశారా ఈ భాష? 'వలసిందిగా' అట. నాకు ఆదేశాలిస్తున్నాడు. నాలుగు రోజులుండి పోయే పదవి ఆయనది, నాది శాశ్వతం. ఆయన స్థాయేమిటి, నా స్థాయేమిటి?" కాగితం మడిచి పక్కకి గిరాటేశారు. "తాఖీదు యథావిధిగా వస్తుంది. వెళ్ళిరండి."

ఆ సాయంత్రం మడి దగ్గరికి ఒకతను తలకి తువ్వాలు చుట్టుకుని, గోడ వార నక్కుతూ వచ్చాడు. జెరాక్సు భీమేశం.

"గవర్రాజన్నయ్యా, ఒక్క కాయ చూపించవా? నా గుర్తు ఎలా ఉంటదో నేనింతవరకూ చూసుకోలేదు. కాగితం మీద బొమ్మేమో బెలూన్లాగుంది."

"ఏయ్, దూరం జరుగు," అన్నాడు కానిస్టేబులు. "అభ్యర్థి గుర్తు దగ్గరికి రాకూడదు."

భీమేశం గట్టు మీద చతికిలబడ్డాడు. "నా బతుకు బజార్న పడిందన్నయ్యా. జెరాక్సు తీయించుకోడానికొచ్చి దండాలు పెడుతున్నారు. గెలుస్తానంటున్నారు. గెలిస్తే నా షాపు ఎవరు చూస్తారు? నాకు ఓటెయ్యద్దని నువ్వైనా చెప్పన్నయ్యా జనానికి."

"నువ్వే చెప్పుకోవచ్చుగా?"

"చెప్పాను. మైకు పెట్టుకుని మరీ చెప్పాను. ఇంత నిజాయితీపరుణ్ణి ఇన్నాళ్ళూ చూళ్ళేదని ఈలలేశారు."

గవర్రాజుకి ఆ మనిషి మీద జాలేసింది. ఇద్దరిదీ ఒకటే కష్టంలా కనిపించింది. "ఒకవేళ ఖర్మకాలి గెలిచావనుకో, నా మడి మాట ఒక్కటి గుర్తుపెట్టుకో తమ్ముడూ."

భీమేశం కళ్ళనీళ్ళు పెట్టుకుని అతని చెయ్యి పట్టుకున్నాడు. "ఎంతమాటన్నయ్యా! నీ మడి నా ప్రాణం."

భీమేశం గెలిచాడు. పెద్ద అభ్యర్థులిద్దరికీ కలిపి పడ్డ ఓట్లకంటే ఎక్కువ పడ్డాయి. లెక్కింపు కేంద్రంలోకి వెళ్ళినవాడు మాసిన చొక్కాలో, వేలి మీద ఇంకు మరకలతో వెళ్ళాడు. బయటికొచ్చినవాడు గంజిపెట్టిన తెల్ల చొక్కాలో వచ్చాడు. లోపల ఆ చొక్కా ఎవరిచ్చారో, ఎవరు కుట్టారో, సరిగ్గా అతని కొలతలకి ఎలా ఉందో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. గుమ్మం మెట్లు దిగేటప్పుడే చేతులు జోడించే తీరు కూడా మారిపోయింది. వేళ్ళు మాత్రమే తగులుతున్నాయి.

నియమావళి ఎత్తేసిన రోజు ముత్యాలరావు మనుషులు వచ్చి సంచులు విప్పారు. సంచులు ప్రభుత్వ ఆస్తి కాబట్టి దులిపి, మడతలు పెట్టి, కట్టలు కట్టారు. లోపలి వంకాయలు బయటపడ్డాయి. ఒక్కటీ నిగనిగలాడటం లేదు. పసుపు తిరిగిపోయి, గట్టిపడి, కొన్ని పగిలి గింజలు బయటికొచ్చి, ముసలి మొహాల్లా వేలాడుతున్నాయి. పల్లాలమ్మ కూడా వచ్చింది. ఒకదాన్ని వేలితో నొక్కి చూసి చెయ్యి కొంగుకి తుడుచుకుంది.

అంతలో బ్యాండు మేళం వినిపించింది. ముందు భీమేశం, మెడలో దండలతో. పక్కన కమిషనరుగారు. వెనకాల ఒక ట్రాక్టరు, జనం. కమిషనరుగారు గట్టు మీద నిలబడి తాఖీదు విప్పి చదివారు. "పండిన పంటను సకాలంలో కోయకుండా ముదరబెట్టిన కారణమున సదరు మడిని..."

"ఆగండి," అన్నాడు భీమేశం. చెయ్యెత్తాడు. బ్యాండు ఆగింది.

గవర్రాజు ఒక అడుగు ముందుకి వేశాడు. మాట నిలబెట్టుకునే మనిషిని తన జన్మలో ఒకణ్ణి చూడబోతున్నానని ఆ క్షణాన నమ్మాడు.

"ఈ మడిని ఎవరు రద్దు చేస్తారు? ఇవి వంకాయలనుకున్నారా? పదకొండో వార్డు ప్రజల తీర్పు!" జనం చప్పట్లు కొట్టారు. "కానీ ఒక్క మాట. ఇంత పవిత్రమైన కాయని కొయ్యడమేంటి? నిలువునా నాలుగు పక్షాలుగా చీల్చడమేంటి? అందులో కారం కూరి, సలసల కాగే నూనెలో వెయ్యడమేంటి? ఇది నన్ను చేసినట్టు కాదా? మీరే చెప్పండి!"

"ప్రజాప్రతినిధి మనోభావాలు గాయపడు విషయము," అన్నారు కమిషనరుగారు, తాఖీదు మడిచేస్తూ.

"అందుకని ఈ మొక్కల్ని వేళ్ళతో సహా తీసుకెళ్ళి కౌన్సిల్ హాలు ముందు కుండీల్లో పెట్టిస్తున్నాం. ఇక నుంచి మన వార్డులో ఈ కాయ మీద ఎవరూ కత్తి పెట్టకూడదు. రేపే తీర్మానం."

పలుగులు దిగాయి. మట్టిపెళ్ళతో సహా ఒక్కో మొక్కనీ లేపి, అరిటాకులు చుట్టి, ట్రాక్టరెక్కిస్తున్నారు. గవర్రాజు పరుగెత్తి భీమేశం ముందు నిలబడ్డాడు. "తమ్ముడూ, ఒక్క పండుకాయ వదిలెయ్యి. విత్తనానికి. మళ్ళీ ఆ రకం ఎక్కడా దొరకదు."

భీమేశం అతని భుజం మీద చెయ్యేశాడు. కెమెరా ఎక్కడుందో చూసి, అటు తిరిగి వేశాడు. "ఒక్కదాన్ని ఇక్కడ వదిలి మిగతావాటిని గౌరవిస్తే, ఆ ఒక్కదాన్ని అవమానించినట్టు కాదూ అన్నయ్యా? మనకందరూ సమానమే." ట్రాక్టరు కదిలింది. గెలిచిన వంకాయలు బ్యాండు మేళంతో వీధి మలుపు తిరిగి వెళ్ళిపోయాయి.

మడిలో గోతులు మిగిలాయి. కమిషనరుగారు వాటి వంక చూసి, తాఖీదు మళ్ళీ జేబులోంచి తీశారు. "మడి ఖాళీగా ఉన్నది."

"ఇప్పుడేగదండీ మీరు..."

"కారణము అప్రస్తుతము. ఖాళీగా ఉంచిన మడి రద్దగును. ఏమి వేయదలచారో ఇప్పుడే చెప్పండి."

పల్లాలమ్మ మొగుడి వంక చూసింది. గవర్రాజు గోతుల వంక చూశాడు. తలెత్తి చాలా మర్యాదగా అడిగాడు. "అయ్యా, ఈ ఎన్నికల్లో డిపాజిట్టు పోయిన కూరగాయ ఏదైనా ఉందాండి?"

దొరబాబు కిసుక్కున నవ్వబోయి కమిషనరుగారి మొహం చూసి ఆగిపోయాడు. ఆయన నవ్వలేదు. రెండో కళ్ళజోడు తీసి పెట్టుకుని జ్ఞాపకం చేసుకున్నారు. "బెండకాయ. మూడో వార్డు. అభ్యర్థి సొంత ఇంటివాళ్ళ ఓట్లు కూడా పడలేదు."

"అయితే అదే వేసుకుంటానండి. దాని జోలికి ఎవరూ రారు."

"సముచితమైన నిర్ణయము," అన్నారాయన. మళ్ళీ మొదటి కళ్ళజోడు పెట్టుకుని తాఖీదు చించేశారు. గవర్రాజు ఆ సాయంత్రమే గోతులు పూడ్చి బెండ గింజలు నాటాడు.

మడి నిలబడింది. బెండ కూడా ఓడిపోయిన కసి కొద్దీ కాసింది. ఒక మధ్యాహ్నం పల్లాలమ్మ కిటికీ ముందు పాత మనిషి ఒకాయన వచ్చి నిలబడ్డాడు. గిన్నెలన్నీ ఒక్కొక్కటీ మూత తీయించి చూశాడు. పప్పు, పులుసు, బెండకాయ వేపుడు.

"అదేంటి చెల్లెమ్మా, గుత్తి వంకాయ మానేశావా?"

"నేను మానలేదన్నయ్యగారూ," అంది పల్లాలమ్మ, వేపుడు కవర్లోకి వేస్తూ. "వంకాయ గెలిచింది గదా. గెలిచినోళ్ళు ఇంక మన వీధిలోకి వస్తారా?"